డేకేర్‌లో గ్రూప్ మార్పు: పుట్టినరోజు ఒక్కటే చూస్తే సరిపోదు

చాలా డేకేర్‌లలో ఏడాదిన్నరకు, రెండేళ్లకు, మూడేళ్లకు పిల్లల గ్రూప్ మారుస్తారు. కానీ ఒకే నెలలో పుట్టిన ఇద్దరు పిల్లలు ఒకే రోజు నడవరు, ఒకే రోజు మాట్లాడరు. పెద్ద గ్రూప్‌లో పిల్లలు ఎక్కువ, ఎత్తుకునే చేతులు తక్కువ. అందుకే వయసుతో పాటు బిడ్డ ఏం చేయగలుగుతోందో కూడా చూడాలి.

ఏ వయసుకు ఏం రావాలి?

అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2022లో సవరించిన జాబితాలో, ఆ వయసుకు 75 శాతం లేదా అంతకంటే ఎక్కువ మంది పిల్లలు చేసే పనులే ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవి:

- 9 నెలలు: ఊతం లేకుండా కూర్చోవడం
- 15 నెలలు: సొంతంగా కొన్ని అడుగులు వేయడం
- 18 నెలలు: ఏదీ పట్టుకోకుండా నడవడం, అమ్మీ, అబ్బా కాకుండా కనీసం మూడు మాటలు
- 2 ఏళ్లు: రెండు మాటలు కలిపి చెప్పడం, పరుగెత్తడం, స్పూన్‌తో తినడం
- 30 నెలలు: సుమారు 50 మాటలు
- 3 ఏళ్లు: తోటి పిల్లలతో కలిసి ఆడటం, వదిలి వెళ్లిన 10 నిమిషాల్లో కుదురుకోవడం

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు రెండేళ్లు వచ్చేదాకా డాక్టర్ ఇచ్చిన డెలివరీ తేదీ నుంచి వయసు లెక్కించాలి. రెండు నెలల ముందే పుట్టిన 18 నెలల బిడ్డను 16 నెలల బిడ్డగానే చూడాలి.

ఇంట్లో ఉర్దూ, డేకేర్‌లో తెలుగు

ఇక్కడే చాలాసార్లు పొరపాటు జరుగుతుంది. బిడ్డ "పానీ దో" అంటే అది రెండు మాటల వాక్యమే. ఉర్దూ తెలియని టీచర్‌కు అది అర్థం కాక "ఇంకా మాటలు రాలేదు" అనుకోవచ్చు. మాటలు లెక్కపెట్టేటప్పుడు రెండు భాషలవీ కలిపి లెక్కించాలి. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు. బిడ్డ వాడే ఉర్దూ మాటలు, వాటి అర్థాలు ఒక కాగితం మీద రాసి టీచర్‌కు ఇస్తే ఇద్దరికీ తేలిక.

మార్చే ముందు

- కొత్త గ్రూప్‌లో మొదట రోజూ అరగంట, గంట కూర్చోబెట్టి మెల్లగా పెంచమని అడగండి.
- తమ్ముడో చెల్లెలో పుట్టినప్పుడు, ఇల్లు మారినప్పుడు, జ్వరం వచ్చి తగ్గిన వెంటనే మార్చకపోవడం మంచిది.
- ఎంతమంది పిల్లలకు ఎంతమంది టీచర్లు, ఆయాలు ఉన్నారో, నిద్ర టైమ్ ఎప్పుడో తెలుసుకోండి.
- రెండేళ్లకే డైపర్ మానకపోతే అది లోపం కాదు. గ్రూప్‌కు అది షరతైతే ముందే మాట్లాడుకోవాలి.

ఎప్పుడు డాక్టర్‌కు చూపించాలి?

జాబితాలోది ఆ వయసుకు రాకపోతే చిన్న గ్రూప్‌లోనే ఉంచేసి ఊరుకోవద్దు. "మగపిల్లాడు కదా, మాటలు లేటుగా వస్తాయిలే" అని పెద్దలు అన్నా సరే, పిల్లల డాక్టర్‌కు చూపించండి. మాటలు ఆలస్యమైతే చెవి పరీక్ష కూడా అవసరం. వచ్చిన మాట, నడక పోతే వెంటనే వెళ్లాలి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో ఈ పరీక్షలు ఉచితం. అవసరమైతే జిల్లా స్థాయి డీఈఐసీ కేంద్రానికి పంపిస్తారు. తొలి మూడేళ్లలో మెదడు చాలా వేగంగా ఎదుగుతుంది కాబట్టి, సాయం ఎంత ముందు అందితే బిడ్డకు అంత మేలు.