డి తరగతి ధ్వనివర్ధకము

వాల్వు రేడియోను ఎరిగిన పెద్దలకు దాని పాటతోపాటు దాని సెగ కూడ జ్ఞాపకముండును. మీట వేసిన తరువాత వాల్వులు వేడెక్కువరకు కొంతసేపు కాచుకొనియుండవలెను. ట్రాన్సిస్టరు వచ్చిన పిమ్మట ఆ నిరీక్షణ తప్పినది. సెగ మాత్రము పూర్తిగా తప్పలేదు. ఇండ్లలోని ఆంప్లిఫయర్ల వెనుక రెక్కలుగల అల్యూమినియము పలకలు బిగించుట ఆ సెగను గాలిలోనికి పంపుటకే. కామారెడ్డి జిల్లాలోని ఎల్లారెడ్డి వంటి చోట, నీడలోనే 40 డిగ్రీలు దాటు వేసవి దినములలో, మూసిన పెట్టెలోని చిప్పునకు ఇది ప్రాణాంతకమే కావచ్చును. ఈ సెగ ఎక్కడినుండి వచ్చును? దానిని తప్పించు ఉపాయము 1950 దశకములోనే తోచినను, మంచి చిప్పుగా ఇంటికి చేరుటకు నలుబది ఏండ్లకు పైగా ఎందుకు పట్టినది?

ఎల్లారెడ్డికి సమీపమున మంజీర నదిపై 1923–1931 మధ్య కట్టిన నిజాంసాగరు ఉన్నది. అటువంటి జలాశయపు తూము నొకదానిని ఊహించుకొనుడు. తలుపును సగము దించినచో నీరు ఇరుకు సందులోనుండి దూకి, సుడులు తిరిగి, తన శక్తిలో చాల భాగమును అక్కడనే పోగొట్టుకొనును. తలుపు పూర్తిగా ఎత్తియున్నప్పుడు ఈ నష్టము స్వల్పము. పూర్తిగా మూసియున్నప్పుడు ప్రవాహమే లేదు కనుక నష్టమును లేదు. ట్రాన్సిస్టరు సంగతియు ఇంతే. దానిలో వృథా అగు సామర్థ్యము, దాని కొసల మధ్యనున్న వోల్టేజిని దానిలో ప్రవహించు కరెంటుచే గుణించిన లబ్ధము. పూర్తిగా తెరచినప్పుడు వోల్టేజి దాదాపు సున్న, మూసినప్పుడు కరెంటు సున్న. సగము తెరచినప్పుడే రెండును ఉండును. వేడియు అప్పుడే పుట్టును. పాత పద్ధతి వర్ధకములు ఎల్లప్పుడు ఈ సగము తెరచిన స్థితిలోనే పనిచేయును. వానిలో బి తరగతికి సిద్ధాంతరీత్యా గరిష్ఠ దక్షత 78.5 శాతము. చిన్న ధ్వనితో వినునప్పుడు అదియు రాదు.

అయినచో తలుపును సగము దించుట మాని, క్షణక్షణమును పూర్తిగా ఎత్తుచు పూర్తిగా దించుచు, ఎత్తియుంచు కాలమును మాత్రము హెచ్చుతగ్గులు చేసినచో? దిగువ కాలువలో నీరు సగటున కావలసినంతే పారును. డి తరగతి సూత్రమిదే. పాట తరంగమును త్రిభుజాకార తరంగముతో పోల్చి, వెడల్పు మారెడి విద్యుత్‌స్పందములుగా మార్చుదురు. వర్ధకము వానిని మీటవలె వేగముగా పంపును. చివర ఒక తీగచుట్ట, ఒక కండెన్సరు కలిసి ఆ స్పందములను సగటు చేసి, పాటను మాత్రమే లౌడ్‌స్పీకరునకు వదలును. డి అనగా డిజిటల్ అని చాలమంది తలంతురు. అది పొరపాటు. ఎ, బి, సి తరగతులు అంతకుముందే ఉండుటచే తరువాతి అక్షరము దీనికి వచ్చినది, అంతే.

ఈ ఊహకు మూలపురుషుడు అలెక్ రీవ్స్ అను ఆంగ్ల ఇంజనీరు అని చెప్పుదురు. 1937 ప్రాంతమున పారిస్‌లో పనిచేయుచు, ధ్వనిని అంకెల స్పందములుగా పంపు పద్ధతిని కనుగొన్నవాడును ఇతడే. స్పందములతో నిండిన మనస్సుకు స్పందములతో నడచు వర్ధకము తోచుటలో వింత లేదు. డి తరగతి అను పేరు 1955లో వాడుకలోనికి వచ్చినది.

1964లో బ్రిటనులో క్లైవ్ సింక్లెయిర్ సంస్థ దీనిని ఎక్స్-10 అను కిట్టుగా అంగడిలో పెట్టినది. పేరులో పది ఉన్నను, నిజముగా వచ్చినది 2.5 వాట్లు మాత్రమే! 1966 నాటి ఎక్స్-20 శక్తిలో మెరుగైనను నమ్మకముగా పనిచేయలేదు. దోషము సూత్రమునది కాదు. చెవికి 20,000 హెర్ట్జ్ వరకు వినబడును కనుక, మీట అంతకు ఎన్నో రెట్ల వేగముతో తెరచుచు మూయుచు ఉండవలెను. నాటి జెర్మేనియము ట్రాన్సిస్టర్లకు ఆ చురుకుదనము లేదు. తెరచుటకు మూయుటకు నడుమ అవి ఆలస్యము చేసిన ప్రతిసారియు సగము తెరచిన స్థితి వచ్చును. తప్పించదలచిన వేడియే మరల పుట్టును.

1970 దశకము చివర శక్తిమంతమైన మాస్‌ఫెట్లు వచ్చుటతో మీట చురుకైనది. సోనీ సంస్థ 1978లో వానితో వర్ధకమును చేసినది. అది సామాన్యుని వస్తువు కాదు. ఆద్య త్రిపాఠి 1995లో కాలిఫోర్నియాలో స్థాపించిన ట్రైపాత్ సంస్థ 1998లో టి.ఎ. 2020 అను చిప్పును తెచ్చినది. చౌకగా, చల్లగా, మంచి ధ్వనితో పనిచేసిన ఈ చిప్పును 2009లో ఐ.ఇ.ఇ.ఇ. స్పెక్ట్రమ్ పత్రిక ప్రపంచమును కదిలించిన 25 చిప్పులలో నొకటిగా ఎన్నుకొన్నది. విచారకరమేమనగా, అప్పటికి రెండేండ్ల ముందే, 2007లో, సంస్థ దివాలా తీసినది.

నేడు ఎల్లారెడ్డి ఉపాధ్యాయుడొకడు హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీకి పోయినచో ఇట్టి చిప్పులుగల పలకలు చవకగా దొరకును. కాని ఎక్స్-10 నాటి మాయ పోలేదు. 12 వోల్టులతో నడచు పలకపై 100 వాట్లు అని అచ్చువేసి అమ్ముచుందురు. దీనిని తరగతి గదిలోనే పరీక్షింపవచ్చును. వోల్టేజి వర్గమును స్పీకరు నిరోధమునకు రెట్టింపుచే భాగించినచో, ఆకృతి చెడని ధ్వనికి ఒక్క ఛానెలులో గరిష్ఠ సామర్థ్యము వచ్చును. 12 వోల్టులు, 4 ఓముల స్పీకరు అయినచో 144ను 8చే భాగింపగా 18 వాట్లు. 8 ఓములకు 9 మాత్రమే. 19 వోల్టుల ల్యాప్‌టాప్ అడాప్టరుతో 4 ఓములకు 45 వాట్లు వచ్చును. రెండు ఛానెళ్లకు 90 కావలెను. ఆ అడాప్టరే 65 వాట్లదైనచో అవి ఎక్కడినుండి వచ్చును?

టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టి.పి.ఎ. 3116 చిప్పు 50 వాట్లదని ప్రసిద్ధి. ఆ అంకె 21 వోల్టులకు, 4 ఓములకు చెప్పినది. ఇట్టి అంకెలు తరచుగా 10 శాతము ధ్వనివికృతితో కొలిచినవి. ఆ స్థితిలో పాట గరగరలాడును. కనుక డేటా షీటులో 1 శాతమునకు ఎన్ని వాట్లో చూచుకొనుట మేలు. చిన్న గదికి ఐదారు వాట్ల శుభ్రమైన ధ్వని ధారాళముగా చాలును. 20 వాట్లు ఇచ్చునప్పుడు 90 శాతము దక్షతగల చిప్పులో పుట్టు వేడి రెండు వాట్లకు కొంచెము పైన. 50 శాతము దక్షతగలదానిలో 20 వాట్లు.

ఇంటిలో మీడియం వేవ్ రేడియో ఉన్నవారు మరొకటి చూడవలెను. చిప్పు 400 కిలోహెర్ట్జ్ వేగముతో మీటలాడినచో దాని రెట్టింపు 800, మూడింతలు 1200. రెండును మీడియం వేవ్ పట్టీలోనివే. హైదరాబాదు ఆకాశవాణి దీర్ఘకాలము ప్రసారములు చేసిన 738 కిలోహెర్ట్జ్ కూడ ఆ పట్టీలోనిదే. టి.పి.ఎ. 3116లో ఈ వేగమును 1200 కిలోహెర్ట్జ్ వరకు మార్చుకొను ఏర్పాటు ఉన్నది. అది లేని పలకను రేడియోకు దూరముగా ఉంచి, స్పీకరు తీగలను వీలైనంత పొట్టిగా, ఒకదానితో నొకటి మెలివేసి వాడవలెను.