పక్క ఎత్తే చేతులు

గోడకి చేర్చే మంచం, విప్పితే నలుగురు కూర్చునే బల్ల, రాత్రికి పరుపుగా మారే సోఫా. చిన్న ఫ్లాట్లకి తగిన నాజూకు సామానంటూ వీటిని ఇవాళ కొత్త వింతలా అమ్ముతున్నారు. ఒక్క గదిలోనే వండుకుని, తిని, పిల్లల్ని కని, పడుకున్న మన ఇళ్ళకి ఈ విద్య ఎప్పుడు తెలియదు? ఈ సామాను చరిత్ర తిరగేస్తే చేసినవాళ్ళూ వాడుకున్నవాళ్ళూ కనిపిస్తారు. రోజూ మడిచినవాళ్ళు కనిపించరు.

1922లో బయటపడ్డ టుటన్‌ఖామన్ సమాధిలో మూడు మడతల మంచం ఉంది. అది ఫలానా రాజుదని తెలుసు, దాన్ని వాల్చిన నౌకరు పేరు తెలియదు. 1885లో షికాగోలో సారా గూడ్ అనే నల్లజాతి స్త్రీ ఒక మంచానికి పేటెంటు పొందింది. మడిస్తే అది కాగితాలు దాచుకునే అరలతో సహా రాతబల్ల అవుతుంది. పక్క ఎత్తేస్తే రాసుకునే చోటు రావాలన్న ఊహ ఒక స్త్రీకి రావటం నాకు చిన్న విషయంగా తోచదు.

ఇక మా వైపు చూద్దాం. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు పొంగితే లంక గ్రామాల్లోకి నీళ్ళొస్తాయి, 2024 సెప్టెంబరులోనూ వచ్చాయి. దోనెలో పట్టేదీ, చేత్తో పైకెత్తగలిగేదే అక్కడ నిలిచే సామాను: చాప, నులక మంచం, బొంత. నీళ్ళు గడప దాటకముందే చాపలు చుట్టి, మంచం మీద మంచం ఎక్కించి, బియ్యం పైకి చేర్చే పని ఎక్కువగా ఆడవాళ్ళదే. వరద నష్టాల లెక్కల్లో చేపల చెరువుకి విలువ కడతారు, ఈ చాకిరీకి కట్టరు.

ఏలూరు తివాచీలకి పేరున్న ఊరు. తివాచీ పరిస్తే పరిచినట్టే ఉంటుంది. అదే ఊళ్ళో మా అమ్మమ్మ చాప మాత్రం కోడి కూయకముందే లేచేది. తాతయ్య పడక కుర్చీ నిజానికి మడత కుర్చీయే, కానీ దాన్నెవరైనా మడవగా నేను చూడలేదు. పగలంతా వసారాలో అలాగే ఉండేది. నెలకి మూడు రోజులు అమ్మమ్మకి దొడ్డివైపు విడిగా ఇంకో చాప. దాన్ని మరెవరూ ముట్టరు, తనే పరుచుకుని తనే చుట్టుకోవాలి. ఇంట్లో ఏది మడవాలో ఏది మడవకూడదో గది కొలతలు తేల్చవు. అది ఎవరిదన్నదే తేలుస్తుంది.

సారెలో వచ్చే డబుల్ కాట్ సంగతీ అంతే. కొనిపెట్టింది పుట్టింటివాళ్ళు. చుట్టాలొస్తే దాన్ని వాళ్ళకి వదిలి కింద చాప వేసుకునేది ఆ పిల్లే. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఇల్లలుకుతూ అలుకుతూ ఇల్లాలు తన పేరే మరిచిపోతుంది. పక్కలు వేస్తూ ఎత్తుతూ తన చోటేదో మరిచిపోయినవాళ్ళు మన ఇళ్ళల్లో ఎందరో.

నా సిద్ధాంత వ్యాసంలో సగం తాడేపల్లిగూడెంలో అద్దె ఇంట్లో, మడత బల్ల మీద రాశాను. భోజనాల వేళకి పుస్తకాలు తీసి బల్ల మడిచేదాన్ని, గిన్నెలు సర్దాక మళ్ళీ విప్పేదాన్ని. సగంలో ఆగిన వాక్యం చాలాసార్లు తిరిగి దొరికేది కాదు. ఆ గదిలోనే ఉన్న టీవీ బల్లని కాస్త జరుపుదామని ఎవరికీ తోచలేదు.

మడత సామాను వద్దని నేననటం లేదు. ఇళ్ళు ఇరుకైనప్పుడు అది కావలసిందే. అయితే చోటు కలిసొస్తుందంటున్నప్పుడు, అది ఎవరి నడుం నొప్పితో కలిసొస్తోంది, ఎవరికి కలిసొస్తోంది అని కూడా అడగాలి. ఇంటి చరిత్ర రాసేటప్పుడు సామాను జాబితా పక్కన మరో రెండు గడులు గీద్దాం: రాత్రి పక్క వేసిందెవరు, పొద్దున్నే ఎత్తిందెవరు.