జ్వరాల స్పెషలిస్ట్ కావాలంటే ఎన్నేళ్లు?.. బందరు కాలేజీ ఫస్ట్ బ్యాచ్ లెక్క ఇదీ!

వానలు పడితే చాలు.. దివిసీమ, గుడివాడ, బందరు వైపు జ్వరాల సీజన్ మొదలే. డెంగీ, టైఫాయిడ్ సంగతి అందరికీ తెలుసు. కానీ నీళ్లు నిలిచిన చేలల్లో దిగినవాళ్లకు ఎలుకల మూత్రం వల్ల సోకే లెప్టోస్పైరోసిస్, నల్లి లాంటి చిన్న పురుగు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ కూడా మొదట్లో మామూలు జ్వరంలాగే ఉంటాయి. త్వరగా గుర్తిస్తే డాక్సీసైక్లిన్ లాంటి చవక మందు చాలు. ఆలస్యమైతే కిడ్నీలు, ఊపిరితిత్తుల మీదకు వస్తుంది.

ఇలాంటివి పట్టుకోవడం, ఏ యాంటీబయాటిక్ ఎన్ని రోజులో తేల్చడం ఇన్ఫెక్షియస్ డిసీజెస్ స్పెషలిస్ట్ పని. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, ఎండీ 3 ఏళ్లు, తర్వాత నీట్ ఎస్ఎస్ రాసి డీఎం మరో 3 ఏళ్లు. తక్కువ టైమ్‌లో అయ్యే ఫెలోషిప్‌లూ ఉన్నాయి. అయితే అన్నిటికీ డీఎంతో సమానంగా గుర్తింపు ఉండదు, చేరే ముందే చూసుకోవాలి.

బందరు ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2023లో 150 సీట్లతో మొదలైంది. ఆ బ్యాచ్‌లో ఒకరు ఎక్కడా ఆగకుండా చదివినా డీఎం చేతికొచ్చేసరికి 2035!

అప్పటిదాకా అవనిగడ్డలోనైనా, గుడివాడలోనైనా జ్వరం కేసు ముందు చూసేది డ్యూటీ డాక్టరే. చేలో దిగారా, ఒంటిమీద నల్లటి పొక్కు ఉందా అన్నది ఆయన అడక్కముందే చెప్పేయండి.