ఆన్‌లైన్ రేసింగ్ క్రీడలు: తొలి అడుగు వేసేవారికి

వేర్వేరు ఊళ్లలో, దేశాలలో ఉన్నవారు ఇంటర్నెట్ ద్వారా ఒకే మార్గంపై, ఒకే సమయంలో వాహనాలు నడిపి పోటీపడే ఆటలను ఆన్‌లైన్ రేసింగ్ క్రీడలంటారు. ఒంటరిగా ఆడినంతకాలం హుషారుగా ఉన్నవారు సైతం ఇతరులతో పోటీ అనగానే వెనుకాడటం కద్దు. అందరికంటే చివర వస్తానేమో, ఎవరి కారునైనా గుద్ది మాట పడతానేమో అన్న సంకోచమే దీనికి కారణం. ఈ ఆటల ఏర్పాటు ఎలా ఉంటుందో తెలుసుకుంటే ఆ జంకు చాలావరకు తీరిపోతుంది.

నడతకూ మార్కులు

2008లో మొదలైన ఐరేసింగ్‌లో ప్రతివారూ ‘రూకీ’ లైసెన్సుతోనే ప్రారంభించాలి. మార్గం దాటి పక్కకు పోతే 1, అదుపు తప్పితే 2, మరొక కారును గట్టిగా ఢీకొంటే 4 చొప్పున తప్పులు లెక్కకు వస్తాయి. ఎన్ని మలుపులను తప్పు లేకుండా దాటారన్నదాన్ని బట్టి భద్రతా స్థాయి పెరుగుతుంది. పై లైసెన్సుకు అదే ముఖ్యాధారం. గెలుపు ఓటముల లెక్క వేరుగా ఉంటుంది.

2017లో వెలువడిన గ్రాన్ టురిస్మో స్పోర్ట్ సైతం నైపుణ్యానికి ఒకటి, క్రీడాస్ఫూర్తికి ఒకటి చొప్పున రెండు శ్రేణులను ఏర్పరచింది. 2022లో వచ్చిన గ్రాన్ టురిస్మో 7 ఆ పద్ధతినే కొనసాగించింది. కనుక ఎవరినీ తాకకుండా చివరి స్థానంలో గమ్యం చేరినవారు పై మెట్టుకు అర్హత సంపాదించుకుంటున్నట్లే. కొన్ని పోటీలు గడిచాక ఇటువంటి ఆటలు వారిని సమాన స్థాయివారితోనే జత చేస్తాయి.

ముందుగా ఒంటరి సాధన

అభ్యాసం కూసు విద్య అన్నారు పెద్దలు. ఒకే కారును, ఒకే మార్గాన్ని ఎంచుకొని టైమ్ ట్రయల్‌లో సాధన చేయండి. ఆటోమేటిక్ గేర్లు, చక్రాలు జారకుండా కాపాడే సహాయకాలు, బ్రేకు వేయవలసిన చోటును రంగులతో చూపే గీత వంటివాటిని వాడుకోవడం చిన్నతనం కాదు. మలుపు రాకముందే, కారు తిన్నగా ఉన్నప్పుడే బ్రేకు వేయాలి. మలుపు లోపలి అంచును సమీపించి, బయటపడేటప్పుడు క్రమంగా వేగం పెంచాలి. బ్రేకును, స్టీరింగును ఒకేసారి బలంగా ప్రయోగిస్తే టైర్లు పట్టు కోల్పోతాయి. వరుసగా ఐదు చుట్లు తప్పు లేకుండా తిరగగలిగితే పోటీలో అడుగుపెట్టవచ్చు.

తొలి పోటీనాడు

మొదటి మలుపు దగ్గర కార్లన్నీ గుంపుగా చేరి ఒక్కసారిగా బ్రేకు వేస్తాయి. ప్రమాదాలకు అది అనువైన చోటు. సాధనలో వేసినదానికంటే కాస్త ముందుగా బ్రేకు వేసి, రెండు స్థానాలు పోయినా పోనివ్వండి. నిదానమే ప్రధానం. కారు గిరగిరా తిరిగి ఆగితే వెంటనే మార్గంలోకి దూకక, బ్రేకు నొక్కి ఉంచి, వెనుకవారు దాటిపోయాక కదలండి. ముందున్నవారు ఒక చుట్టు అధికంగా తిరిగి మిమ్మల్ని దాటబోతే పక్కకు తప్పుకోవాలని కంగారుపడవద్దు. మీ దారిన మీరు స్థిరంగా పోతే వారే దాటుకుంటారు.

గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు సుమారు 55 మీటర్లు కదులుతుంది. సమాచారం 100 మిల్లీసెకన్లు ఆలస్యమైతే పక్క కారు స్థానంలో 5 మీటర్లకు పైగా, అంటే ఒక కారు పొడవుకు మించిన తేడా రావచ్చు. సిగ్నల్ బలహీనంగా ఉండే గ్రామాలవారు ఈ కారణంగా ఇతర కార్లకు మరింత ఎడంగా నడపడం మేలు.

భాష, మర్యాద

ఇంట తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో మాట్లాడే మన పిల్లలకు పరభాషల నడుమ మెలగడం కొత్త కాదు. ఈ ఆటలలోనూ ఆంగ్లం రాకపోవడం అడ్డంకి కాబోదు. పొరపాటున ఎవరినైనా తాకితే ‘సారీ’ అన్న ఒక్క మాట చాలు. దూషించేవారి గొంతు వినబడకుండా మ్యూట్ చేయవచ్చు.

ఖర్చు, జాగ్రత్తలు

ఖరీదైన స్టీరింగు పరికరం అవసరం లేదు. సాధారణ గేమ్‌ప్యాడ్‌తో మొదలుపెట్టవచ్చు. ఐరేసింగ్‌కు చందా కట్టాలి. సూపర్‌టక్స్‌కార్ట్ ఉచితం, కంప్యూటర్లోను, ఆండ్రాయిడ్ ఫోన్లోను ఆడవచ్చు. 2019లో దానికి ఆన్‌లైన్ పోటీ సదుపాయం చేరింది. కొన్ని ఉచిత ఆటలు మధ్యలో కార్లు, అలంకారాలు కొనమంటాయి కనుక పిల్లల ఫోన్లలో చెల్లింపులకు తల్లిదండ్రులు తాళం వేయాలి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు ఒడ్డి ఆడే ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించింది. పందెం కాసి డబ్బు గెలుచుకోమని పిలిచే ఆట ఏ పేరుతో వచ్చినా దూరంగా ఉండాలి.

బ్రిటన్‌కు చెందిన జాన్ మార్డెన్‌బరో 2011లో గ్రాన్ టురిస్మో ఆట ద్వారా జరిగిన జీటీ అకాడమీ ఎంపికలో నెగ్గి, 2013లో ఫ్రాన్సులోని లెమాన్ 24 గంటల పోటీలో నిజమైన కారు నడిపాడు. అటువంటి అవకాశం అరుదుగా దక్కుతుంది. తొలి పోటీకి మీరు పెట్టుకోవలసిన లక్ష్యం చిన్నది: ఎవరినీ తాకకుండా చివరి గీత దాటండి. ఆ తరువాత మళ్లీ మరునాడు ఆడండి.