పంతుల్ని ఏ మానికతో కొలవాలి?

బ్రాడీపేటంటే గుంటూరులో చదువుల పేట. లైను లైనుకీ కోచింగు సెంటర్లు, పుస్తకాల షాపులు, హాస్టళ్ళు. నేను డియస్సీకి చదివింది అక్కడే. మా అమ్మ కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరపకాయల ముచ్చికలు తీసిన కూలి డబ్బులే నా కోచింగు ఫీజు. మా తాత పాలేరు, మా నాయన కూలీ. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను.

టీచరునయ్యాక ఒకసారి అదే బ్రాడీపేటలో సమీక్షా సమావేశానికి పిలిచారు. చివరి గ్రేడు పిల్లలు ఎక్కువున్న బడుల పేర్లు చదివారు. మా బడి ముందే వచ్చింది. నన్ను నిలబెట్టారు. "ఏమ్మా, జీతం తీసుకుంటున్నారు గదా! అయిదో తరగతి పిల్లలకి భాగహారం రాకపోతే ఎట్లా?" అన్నాడు ఒక అధికారి. అందరి ముందూ తలొంచుకున్నాను. సమాధానం లేక కాదు, అది ఒక్క ముక్కలో చెప్పేది కాదు. ఇప్పుడు చెబుతాను.

పంతులి పనిని పరీక్ష ఫలితంతో కొలవటం కొత్త సంస్కరణ అంటున్నారు. కొత్తదేం కాదు. ఇంగ్లండులో 1862లోనే రివైజ్డ్ కోడ్ తెచ్చారు. ఇన్‌స్పెక్టరు బడికొచ్చి ఒక్కో పిల్లవాడినీ చదవటంలో, రాయటంలో, లెక్కల్లో పరీక్షించేవాడు. హాజరునీ పాసయిన తలల్నీ లెక్కబెట్టి బడికి డబ్బిచ్చేవాళ్ళు. ఆ దశాబ్దంలోనే ఈ పద్ధతి మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. మన గుంటూరు సీమ అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోదే. 1882లో వేసిన హంటర్ కమిషన్ ప్రాథమిక బడులకి ఇదే పద్ధతిని సిఫారసు చేసింది. ఇంగ్లండులో బడుల ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన మాథ్యూ ఆర్నాల్డే ఇది చదువుని మరపని చేస్తోందని మొత్తుకున్నాడు. చివరికి 1904లో కర్జన్ కాలపు విద్యా తీర్మానం దీన్ని వదిలెయ్యమంది.

ఇందులో తిరకాసు తెలుసుకోటానికి పెద్ద చదువు అక్కర్లేదు. పాసయిన తలకి డబ్బయితే, పాసయ్యే తలనే పంతులు వెతుక్కుంటాడు. ఇంట్లో అక్షరం ఉన్న పిల్లాడు లాభం. పలక పట్టుకోటం కూడా బళ్ళోనే నేర్చుకోవాల్సిన మాదిగ పిల్లాడు నష్టం.

అదే హంటర్ కమిషన్‌కి జోతిరావు ఫూలే వినతిపత్రం ఇచ్చాడు. ప్రాథమిక బడుల్లో పంతుళ్ళు దాదాపు అంతా బ్రాహ్మణులేనని, శిక్షణ పొందిన పంతుళ్ళు వీలైనంత వరకూ సేద్యం చేసే కులాల నుంచి రావాలని, వాళ్ళయితే జనంలో కలిసిపోతారని అన్నాడు. నెలకి 12 రూపాయలకి తక్కువ జీతం ఇవ్వొద్దన్నాడు. మహర్లూ మాంగుల పిల్లల్ని మిగతా బడుల్లోకి రానివ్వరు కాబట్టి వాళ్ళకి వేరే బడులు పెట్టమన్నాడు. ఎంతమంది పాసయ్యారని మాత్రమే కాదు, పంతులు ఎవరు, ఎవరి పిల్లలు బడి బయట ఉన్నారు అని అడిగాడు ఫూలే.

మన దగ్గర ఆ ప్రశ్నకి జవాబు ఒంగోలు వైపు దొరుకుతుంది. 1876-78 కరువు తర్వాత, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. క్లౌ దొర బాప్టిస్టు మిషన్‌లో చేరిన వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. ఆ పల్లెల్లో చదువు చెప్పిన తొలి పంతుళ్ళలో చాలామంది కొత్తగా అక్షరం నేర్చిన మాదిగలే. వాళ్ళకి పెద్ద పాండిత్యం లేదు. కానీ పిల్లాడి పలక ముట్టుకున్నారు. అంతకుముందు మన పలక ముట్టుకున్న పంతులెవరు?

అంతకుముందు దాకా ఎందుకు, నా సంగతే చెబుతాను. నా మూడో తరగతి పంతులు వారానికి మూడు రోజులొస్తే ఎక్కువ. ఊళ్ళో పిల్లల పలకలు దగ్గరకి తీసుకుని దిద్దేవాడు. మా పల్లె పిల్లల పలకలు దూరం నుంచే చూసి "ఊఁ" అనేవాడు. అయినా ఆ బడికి పాసు శాతం బాగానే ఉండేది. ఎందుకంటే నాతో చేరిన పల్లె పిల్లల్లో సగం మంది అప్పటికే బడి మానేసి పత్తి తీతకి పోయారు. మానేసిన వాళ్ళు శాతంలో లెక్కకి రారు. ఈ మానికకి అడుగున చిల్లుంది. ఆ చిల్లులోంచి జారిపోయింది మేమే.

అందుకని పంతుళ్ళని ఎవరూ ఏమీ అడగొద్దు అనను. 2003లో దేశమంతా చెప్పకుండా బడులకి పోయి చూసిన సర్వేలో ప్రభుత్వ టీచర్లు నలుగురిలో ఒకరు బడిలో లేరు. ఆ ఒకరి వల్ల ఎవరి పిల్లలు చెడతారు? ఊళ్ళో మోతుబరి పిల్లలు ప్రైవేటు బడిలో ఉంటారు. చెడేది మన పిల్లలు. సంఘాల మీటింగుల్లో మనం పీఆర్సీ గురించి మాట్లాడినంత గట్టిగా ఈ మాట మాట్లాడటం లేదు.

2005 నుంచి మన రాష్ట్రంలోనే ఒక ప్రయోగం జరిగింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేశారు. 300 గ్రామీణ ప్రాథమిక బడులు తీసుకుని, 200 బడుల్లో టీచర్లకి పిల్లల మార్కులు పెరిగినదాన్ని బట్టి బోనసు ఇచ్చారు. సగటు పెరుగుదల 5 శాతం దాటితే ఆపైన ఒక్కో శాతానికి 500 రూపాయలు. రెండేళ్ళకి ఆ బడుల పిల్లలు మిగతా వంద బడుల పిల్లలకన్నా ముందున్నారు. అయితే టీచర్ల గైర్హాజరు తగ్గలేదు, వచ్చిన రోజున ఎక్కువ చెప్పారు. ఇందులో నేను ఒప్పుకునే మాట ఒకటుంది. పిల్లలు ఎక్కడున్నారని కాదు, ఎక్కణ్ణించి ఎక్కడికొచ్చారని చూశారు. బ్రాడీపేట సమావేశంలో నన్ను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

మా బడిలో సంక్రాంతి దాటితే సగం బెంచీలు ఖాళీ. మిరపకోతలు. ఇళ్ళకి పోయి పిలుచుకురావాలి. "టీచరమ్మా, నేను కోతకి పోతే చంటోణ్ణి ఎవరు సూత్తారు? కోతలయినాక పంపిత్తాలే" అంది ఒక తల్లి. అయిదో తరగతి పిల్ల చంకలో తమ్ముడు. "వాణ్ణీ తీసుకురమ్మను, నా కుర్చీ పక్కన పడుకోబెడతా" అన్నాను. వచ్చింది. జూన్‌లో చేరినప్పుడు పేరు కూడా రాయలేని పిల్ల అది. మార్చిలో వాళ్ళమ్మ వారం రోజులు కోసిన కాయల కిలోలు నోటు పుస్తకంలో గుణించి, మేస్త్రీ ఇచ్చిన కూలి ముప్ఫై రూపాయలు తక్కువని చెప్పింది. వాళ్ళమ్మ పోయి అడిగి తెచ్చుకుంది. పరీక్షలో ఆ పిల్లకి భాగహారం రాలేదు. చివరి గ్రేడే.

కొలవండి, మేం కాదనం. పిల్ల జూన్‌లో ఎక్కడుందో ముందు రాసుకోండి. మానేసిన వాళ్ళని కూడా లెక్కలో వెయ్యండి. మమ్మల్ని పాఠం చెప్పనియ్యకుండా చేయించే పనుల రోజులు తీసెయ్యండి. పల్లె తల్లుల్ని కూడా కూర్చోబెట్టి అడగండి. పంతులు మా పిల్ల పలక ముట్టుకుంటున్నాడా లేదా, వాళ్ళకి తెలిసినంతగా ఏ ఇన్‌స్పెక్టరుకీ తెలియదు.