క్రిస్మస్ సాక్సుల వెనుక కట్నం కథ.. అసలు వాటిని ఎందుకు వేలాడదీస్తారో తెలుసా?

క్రిస్మస్ నేపథ్యంలో వచ్చే హాలీవుడ్ సినిమాల్లో ఒక సీన్ తరచూ కనిపిస్తుంది. చిమ్నీ దగ్గర ఎర్రటి పొడవాటి సాక్సులు వేలాడుతుంటాయి. తెల్లారేసరికి వాటి నిండా చాక్లెట్లు, బొమ్మలు! రాత్రి శాంటాక్లాజ్ వచ్చి పెట్టి వెళ్లాడని పిల్లలు సంబరపడిపోతారు. అయితే ఈ సాక్సుల కథ మొదలైంది బొమ్మలతో కాదు.. కట్నం కష్టంతో.

ఎవరీ నికోలస్?

4వ శతాబ్దంలో మైరా అనే ఊరికి నికోలస్ బిషప్‌గా ఉండేవారు. అదే ఇప్పటి టర్కీలోని దెమ్రే. ఆయన పేరుతో ప్రచారంలో ఉన్న కథ ఇది. ఆస్తి మొత్తం పోగొట్టుకున్న ఓ తండ్రికి ముగ్గురు కూతుళ్లు. కట్నం ఇచ్చే స్తోమత లేదు. పెళ్లిళ్లు కాకపోతే వాళ్ల బతుకులు వీధిన పడే పరిస్థితి. విషయం తెలిసిన నికోలస్ రాత్రిపూట ఎవరికీ కనిపించకుండా కిటికీలోంచి బంగారం మూట విసిరారు. అలా మూడుసార్లు.. ఒక్కో కూతురికి ఒక్కో మూట. మూడోసారి తండ్రి కాపు కాసి పట్టుకుంటే, ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని నికోలస్ మాట తీసుకున్నారట.

మరి సాక్సులు ఎక్కడివి?

పాత కథలో సాక్సుల ప్రస్తావన లేదు. చిమ్నీలోంచి వేసిన బంగారం, ఆరేసిన సాక్సుల్లో పడిందన్న మాట తర్వాత చేరింది. 1823 డిసెంబర్ 23న అమెరికాలోని ట్రాయ్ సెంటినెల్ పత్రికలో రచయిత పేరు లేకుండా వచ్చిన ఓ కవితలోనూ చిమ్నీ దగ్గర సాక్సులు కనిపిస్తాయి. అది బాగా పాపులర్ కావడంతో ఈ ఆచారం కూడా జనాల్లోకి వెళ్లింది.

ఒక్కో దేశంలో ఒక్కోలా..

* నెదర్లాండ్స్‌లో సాక్సులకు బదులు బూట్లు పెడతారు. నికోలస్ గుర్రం కోసం అందులో క్యారెట్ కూడా ఉంచుతారు.
* ఇటలీలో జనవరి 5 రాత్రి బెఫానా అనే అవ్వ వచ్చి సాక్సులు నింపుతుందని నమ్ముతారు. అల్లరి పిల్లలకు మాత్రం బొగ్గే! ఇప్పుడు దాని బదులు బొగ్గులా కనిపించే నల్లటి చక్కెర మిఠాయి పెడుతున్నారు.
* కొన్ని దేశాల్లో సాక్స్ అడుగున కమలాపండు వేస్తారు. నికోలస్ ఇచ్చిన బంగారానికి అది గుర్తు అంటారు.

మన దేశంలో వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది. అయినా కట్నం కోసం అప్పులు చేసే తండ్రులు ఇప్పటికీ ఉన్నారు. అందుకే శతాబ్దాల నాటి ఈ కథ మనకు కొత్తగా అనిపించదు. పేరు చెప్పుకోకుండా, తీసుకునేవాళ్ల పరువు పోకుండా సాయం చేయడం.. ఆ సాక్సులు గుర్తు చేసేది ఇదే.