లంఘనం పనికిరాని చోట

అనంతపురం జిల్లా. వేరుశనగ చేలో ఆడుకుంటున్న ఏడేళ్ల పిల్లాణ్ని రక్తపింజరి కాటేసింది. విషానికి విరుగుడు ఎక్కించడంతో ప్రాణం నిలిచింది. రెండో రోజుకు మూత్రం ఆగింది, ముఖం ఉబ్బింది. పిల్లల ఐసీయూలో పొట్టలోకి గొట్టం వేసి డయాలిసిస్ మొదలుపెట్టారు. (ఇలాంటి కొందరు పిల్లల కథలను కలిపి ఒక్కడి కథగా చెబుతున్నాను.)

అవ్వ కొబ్బరి బోండంతో వచ్చింది.

"చలవ చేస్తాది, రెండు గుక్కలు పోస్తా మేడం."

"వద్దవ్వా. దీంట్లో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు. రక్తంలో పెరిగితే గుండె ఆగిపోవచ్చు."

"అయితే పస్తే మేలు. లంఘనం పరమౌషధం అంటారు గదా!"

డాక్టరమ్మ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. తిండి పెడితే కీడన్న భయం అవ్వ ఒక్కదానిదే కాదు. ప్రొటీన్ పెడితే రక్తంలో యూరియా పెరుగుతుందని ఒకప్పుడు డాక్టర్లూ పిల్లలకు ప్రొటీన్ తగ్గించేవారు. కానీ తిండి లేని ఒళ్లు తన కండనే కరిగించుకుంటుంది. ఆ కండ కరిగినా యూరియా పెరుగుతుంది! పైగా డయాలిసిస్ నీళ్లతోపాటు ప్రొటీన్ కూడా బయటికి పోతుంది. అందుకే అమెరికా నిపుణుల సంఘాలు 2017లో తేల్చి చెప్పాయి: విషమ స్థితిలోని పిల్లలకు రోజుకు కిలో బరువుకు కనీసం 1.5 గ్రాముల ప్రొటీన్ అందాలి. వీలైతే 48 గంటల్లోపే పేగుల ద్వారా ఆహారం మొదలుపెట్టాలి.

పిల్లాడి బరువు 18 కిలోలు. అంటే 27 గ్రాములు, డయాలిసిస్ నష్టానికి ఇంకాస్త. నీళ్లకేమో కట్టడి. తక్కువ నీళ్లలో ఎక్కువ బలం ఇమడాలి. ఉడికించిన గుడ్డు తెల్లసొన, బియ్యప్పిండి జావ, పంచదార, నూనె కలిపి మెత్తగా రుబ్బి వడకట్టారు. పచ్చసొన తీసేశారు, అందులో ఫాస్ఫరస్ ఎక్కువ. ముక్కు గొట్టంలోంచి మొదట గంటకు 10 మిల్లీలీటర్లు. నర్సమ్మ సిరంజి ఎత్తి పట్టుకుంటే జావ దాని బరువుకే మెల్లగా దిగింది. వాంతి కాలేదు, పొట్ట ఉబ్బలేదు. పూటపూటకూ పెంచారు. పొట్టలో నింపే డయాలిసిస్ ద్రవంలోని గ్లూకోజ్‌ను కూడా కేలరీల లెక్కలో రాశారు. ఇంత శ్రద్ధగా లెక్కగట్టే డైటీషియన్ ప్రతి పిల్లల ఐసీయూలో ఉండి తీరాలి.

రెండో వారంలో మూత్రం మొదలైంది, తర్వాత ధారగా వచ్చింది. ఇప్పుడు పొటాషియం పడిపోయే ప్రమాదం! పాత ఆహార చార్టు చించేసి కొత్తది రాశారు.

"ఇంటికి పోయినాక సంగటి పెట్టొచ్చా?"

"పెట్టవ్వా. రక్త పరీక్షకు మాత్రం చెప్పిన రోజున తీసుకురావాల."